తడి వత్తి

కాలేజీ వెనక తెల్ల చెక్కపెట్టె తలుపు తీసి, అటెండరు ముందుగా చిన్న గిన్నెలో నీళ్ళు పోశాడు. లోపల రెండు థర్మామీటర్లు పక్కపక్కనే వేలాడుతుంటాయి. ఒకదాని అడుగున నూలు వత్తి చుట్టి ఉంటుంది; దాని కొస ఎప్పుడూ గిన్నెలో మునిగి ఉండాలి. వత్తి ఎండిందంటే రెండూ ఒకే అంకె చూపించి మోసం చేస్తాయి. పంతొమ్మిదేళ్ళుగా పొద్దున్నే దాన్ని తడిపి, అంకెలు రాసుకోవడం అతని పని. చదివింది ఐదో తరగతే. అయినా భూగోళం మేడం ఎప్పుడో చెప్పిన మాట మరిచిపోలేదు: "ఎండ మండేటప్పుడు రెండింటికీ తేడా ఎంత తగ్గితే అంత ప్రమాదం. చెమట ఆరదు. ఒళ్ళు చల్లబడదు."

ఎండాకాలంలో మామూలుగా ఏడెనిమిది గీతల తేడా ఉంటుంది. ఇవాళ మూడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. మూడే.

ఆ ఆవరణలోనే, మైదానంలో, అతని భార్య గుంతలు తవ్వుతోంది. రేపు మొక్కలు నాటే సభ. వేడి తగ్గడానికి మూడు వందల మొక్కలట.

"ఇవాళ తవ్వొద్దే," అన్నాడు దగ్గరికెళ్ళి.

"మానేస్తే మేస్త్రీ ఆ గుంతలో నన్నే పాతిపెడతాడు. నీ పెట్టె నాకు సెలవిస్తుందా ఏంటి?" అని నవ్విందామె. నుదుటి చెమట గడ్డం దాకా కారుతోంది గానీ ఆరడం లేదు.

మేడం అంకెలు చూసి వెంటనే కాగితం రాసింది: నాలుగింటి దాకా ఆరుబయట పనులన్నీ ఆపాలి. కింద సంతకం పెట్టింది.

"మిగతా మూడు శాఖలూ పెడితేనే ప్రిన్సిపాల్ ఒప్పుకునేది. నాకు పరీక్ష డ్యూటీ పడింది. నువ్వే తిప్పాలి, తపాలా."

ఫైళ్ళు మోసీ మోసీ అతనికి ఆ పేరే ఖాయమైంది.

మూడో అంతస్తులో ఫిజిక్స్ సారు పెదవి విరిచాడు. "ఈ వత్తి లెక్క నమ్మేదెలా? మా యంత్రం రిపేరుకెళ్ళింది. పాత రికార్డులు చరిత్ర వాళ్ళ దగ్గరుంటాయి, అడుగు."

ఎండలో మైదానం దాటాడు. చరిత్ర సారు పాత రిజిస్టర్లన్నీ తిరగేశాడు. "నలభై ఏళ్ళలో ఇంత ఎండలో ఇంత తక్కువ తేడా లేదయ్యా. కానీ మనిషి ఒంటికేమవుతుందో చెప్పడానికి నేనెవర్ని? జీవశాస్త్రం వాళ్ళని పెట్టమను, వెనకాలే నేనూ పెడతా."

మళ్ళీ మెట్లు. "ప్రాణాంతకమే, అనుమానం లేదు," అన్నాడు జీవశాస్త్రం సారు, మొక్కల జాబితా మీంచి తలెత్తి. "కానీ అంకె సరైందని ఫిజిక్స్ రాయాలిగా?"

ఎవరూ అబద్ధం చెప్పలేదు. తలా ఒక ముక్క నిజం పట్టుకుని కూర్చున్నారు. ఆ ముక్కల మధ్య మెట్లన్నీ ఇతనివి. మైదానం దాటిన ప్రతిసారీ ఆమె తలకు కట్టుకున్న ఎర్రగుడ్డ కోసం వెతికాడు. అది కదులుతూ కనిపిస్తే గానీ ఊపిరాడేది కాదు.

రెండోసారి ఫిజిక్స్ గదికి చేరేసరికి చొక్కా పిండితే నీళ్ళొచ్చేలా ఉంది. "ఆ ఎర్రగుడ్డ మా ఆవిడ, సార్," అన్నాడు కిటికీలోంచి చూపిస్తూ. సారు అటే చూశాడు. పెన్ను తీసి సంతకం పెట్టాడు. దాన్ని చూపిస్తే జీవశాస్త్రం, ఆ తర్వాత చరిత్ర. ప్రిన్సిపాల్ సరేననేసరికి రెండున్నర.

"ఆపెయ్యవే," అన్నాడు మైదానంలోకి వచ్చి, కాగితం ఊపుతూ.

ఆమె గునపం కింద పెట్టింది. "ఇచ్చిందన్నమాట నీ పెట్టె సెలవు. అదేంటయ్యా, ముఖం అలా కమిలిపోయింది?"

"నువ్వు నీడలోకి పద. నేనొక్క నిమిషం కూర్చుంటా."

వరండా మెట్టు మీద, స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చేసరికి ఫైలు ఒళ్ళోనే ఉంది. చెయ్యి పట్టుకుంటే పెనంలా కాలింది. పిలిచింది. మళ్ళీ పిలిచింది. చెంబులో నీళ్ళన్నీ అతని తల మీద పోసేసింది.

మర్నాడు సభ జరగలేదు. మూడో రోజుకి చెక్కపెట్టెలో నీళ్ళు పోసేవాడు లేక గిన్నె ఎండి, వత్తి కట్టెలా బిగుసుకుపోయింది. రెండు థర్మామీటర్లూ పక్కపక్కనే, ఒకే అంకె దగ్గర నిలబడి ఉన్నాయి.