మార్నింగ్ షో తర్వాత రెండు ముక్కలు

శుక్రవారం వచ్చిందంటే అక్క కొట్టు మధ్యాహ్నం దాకా తెరవదు. వదులైన బట్టలు బిగించడం, బిగుతైనవి వదులు చెయ్యడం ఆమె పని. మార్నింగ్ షో చూసొచ్చాకే మిషను ముందు కూర్చుంటుంది. ఎవరైనా ప్యాంటు పట్టుకుని మూసిన తలుపు దగ్గర నిలబడితే, పక్కనున్న చెప్పుల కొట్టాయన లోపల్నించే కేకేస్తాడు.

"కొత్త సినిమా పడిందిగా! బాగుచేసి వస్తుంది, కూర్చోండి."

బాగుచెయ్యడమంటే అచ్చంగా బాగుచెయ్యడమే. ఆట అయిపోయి జనం వెళ్ళిపోయాక అక్క తెర దగ్గరికి నడిచెళ్ళి, సినిమా తనకెలా అనిపించిందో రెండు ముక్కల్లో చెబుతుంది. తెరలోని వాళ్ళు వింటారు. విన్నట్టు గుర్తుగా తెర ఒక్కసారి ఊగుతుంది. సాయంత్రం ఫస్ట్ షోకల్లా అన్నీ సర్దుకుంటారు. "ఇంటర్వెల్ ముందు పాట వదులుగా ఉంది" అంటే సాయంత్రానికి ఆ పాట ఉండదు. "ఆ ముసలాయన్ని ఊరికే చంపేశారు, పాపం" అంటే ఆయన నిక్షేపంలా లేచి కూర్చుని కాఫీ అడుగుతాడు. ఈ ఒక్క హాల్లోనే కాదు, ఆ సినిమా ఆడే చోటల్లా అంతే. ఊళ్ళో తెలివైనవాళ్ళెవరూ మార్నింగ్ షోకి టికెట్టు కొనరు. హాలు ఊడ్చే ముసలాయన మాత్రం అక్క చెప్పడం అయ్యేదాకా చీపురు చంకలో పెట్టుకుని ఓపిగ్గా నిలబడతాడు.

ఒక్కటే చిక్కు. అది మనసులో మాటై ఉండాలి. మొహమాటానికి చెప్పిందా, తెర చచ్చినా వినదు.

ఆ శుక్రవారం చెల్లెలు కూడా వెంట వచ్చింది. ఆవిడ సినిమా నటి. నటి అంటే మరీ ఊహించేసుకోకండి. బస్సు సీన్లో కిటికీ పక్కన ఒక తల, కోర్టు సీన్లో బెంచీ మీద ఒక వీపు. జుట్టు నెరిసే వయసొచ్చింది గానీ నోరు విప్పే వేషం రాలేదు. ఇన్నాళ్ళకి ఒక సీను దొరికింది. ఆసుపత్రిలో ఉన్న కొడుక్కి క్యారియర్ తెచ్చిన తల్లి. నీ కొడుకు పోయాడమ్మా అని నర్సు చెబుతుంది. అదీ సీను.

"ఇది కూడా ఎవరి కంట్లోనూ పడకపోతే ఇంక చాలక్కా," అంది చెల్లెలు హాల్లోకి నడుస్తూ. "సోమవారం లాండ్రీలో చేరిపోతా. మాట్లాడేసుకున్నా."

"నోర్ముయ్. ముందు చూడనీ."

సీను రానే వచ్చింది. తెర మీద చెల్లెలు కెవ్వుమంది. క్యారియర్ విసిరికొట్టింది. గుండెలు బాదుకుంది, నేల మీద పడి దొర్లింది. వెనక సీట్లో ఎవడో కిసుక్కున నవ్వాడు. అక్క సీట్లో కిందికి జారింది. చెల్లెలు మాత్రం తన నటనకి తనే ముక్కు చీదుకుంటూ ఏడుస్తోంది.

జనం వెళ్ళిపోయారు. "చెప్పక్కా," అంటూ చెల్లెలు మోచేత్తో పొడిచింది. "ఆ సీను పెంచమను. నాకో క్లోజప్పు వెయ్యమను."

తోడబుట్టింది. ఏ నోటితో కాదంటుంది? అక్క తెర ముందుకెళ్ళి గొంతు సవరించుకుంది. "ఆ తల్లి బ్రహ్మాండంగా చేసింది. ఆ సీను ఇంకాస్త పెంచండి."

తెర ఊగలేదు. ఉలకలేదు, పలకలేదు.

"వినలేదమ్మా," అన్నాడు ఊడ్చే ముసలాయన నేల చూపులు చూస్తూ.

చెల్లెలి మొహం పాలిపోయింది. "అంటే నీకు నచ్చలేదన్నమాట."

"నచ్చలేదే," అంది అక్క. ఆ మాట అనడానికి ప్రాణం పోయినంత పనైంది. మళ్ళీ తెర వైపు తిరిగింది. "మా చెల్లి అతి చేసింది. నాన్న పోయిన రోజు ఇది అరవలేదు, ఆయన కళ్ళజోడు శుభ్రంగా తుడిచి డబ్బాలో పెట్టింది. అలా చెయ్యమనండి."

తెర పైనుంచి కిందిదాకా ఊగింది.

"పరాయివాళ్ళ ముందు నా పరువు తీశావు కదే!" అని చెల్లెలు చరచరా వెళ్ళిపోయింది.

ఫస్ట్ షోకి రాను గాక రానంది. వచ్చింది. అక్కకి దూరంగా, గోడ పక్క సీట్లో మొహం మాడ్చుకుని కూర్చుంది. హాలు కిటకిటలాడుతోంది.

నర్సు చెప్పింది. తెర మీది తల్లి అరవలేదు. క్యారియర్ మూత వదులుగా ఉందేమోనని చూసుకుని, అరచేత్తో నొక్కి బిగించింది. అంచుకి ఒలికిన చుక్కని వేలితో తుడిచింది.

"వేడిగానే ఉందండీ ఇంకా," అంది నర్సుతో.

అంతే. కెమెరా అక్కణ్ణించి హీరో మీదికి పోవాలి. పోలేదు. ఆ మొహాన్నే పట్టుకుని ఉండిపోయింది. హీరోగారు తన పేజీడు డైలాగు మింగేసి, చేతులు కట్టుకుని పక్కకి తప్పుకున్నాడు. హాల్లో చీమ చిటుక్కుమంటే ఒట్టు. ముందుగా చెప్పుల కొట్టాయన భోరుమన్నాడు. ఆ తర్వాత ఇంకెవరు ఏడవలేదో అడగండి! ఏడుపుల్లోంచే చప్పట్లు, చప్పట్లలోంచి ఈలలు.

చెల్లెలు సీట్ల మధ్యనుంచి అందరి కాళ్ళూ తొక్కుకుంటూ అక్క దగ్గరికొచ్చి పడింది. "కళ్ళజోడు సంగతి నీకెలా తెలుసే? నువ్వా గదిలో లేవుగా!"

"గుమ్మంలో ఉన్నా. నిన్ను చూశాకే నాకు ఏడుపొచ్చింది."

ఇద్దరూ కావిలించుకుని ఏడ్చారు, ఏడుస్తూనే నవ్వారు. సినిమా చివర పేర్లు పడ్డాయి. ఇన్నేళ్ళూ "తదితరులు" అనే మాటలో ఇరుక్కున్న చెల్లెలి పేరు తెరనిండా ఒక్కటే పడింది. జనం లేచి నిలబడ్డారు.

ఈలోగా హాలు మేనేజరు ఫోను పట్టుకుని రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు. "డైరెక్టరుగారమ్మా! అన్ని ఊళ్ళనుంచీ మీ గురించే అడుగుతున్నారట! తర్వాతి సినిమాలో పెద్ద వేషం, సోమవారం రమ్మంటున్నారు!"

ఎవరు పిలిచినా, పిలుపు పూర్తికాకముందే "వస్తానండీ" అనడం చెల్లెలికి అలవాటు. ఏ సినిమాలోనూ ఆమెకి కథ చెప్పిన నాథుడు లేడు. ఫోను అందుకుంది. కళ్ళు తుడుచుకుని నిటారుగా నిలబడింది.

"ముందు కథ చెప్పండి," అంది. "నచ్చితే చేస్తాను."

అటువైపు డైరెక్టరు గొంతు సవరించుకుని, కథ మొదలుపెట్టాడు.