వేలికి అందిన ఆయిల్

షెడ్డుకు వచ్చే డ్రైవర్లు ఆయన్ని వేలుమేస్త్రి అనేవాళ్లు. ముఖం మీద కాదు లెండి, అంత ధైర్యం ఎవరికుంది! బండి వెనక ఇరుసు మధ్యలో కుండలా ఉబ్బి ఉండే గేర్ల పెట్టె ఉంటుంది చూశారూ, డిఫరెన్షియల్ అంటారు, అందులో ఆయిల్ పోశాక ఆయన కొలత చూసేది కుడిచేతి చిటికెన వేలితోనే. పోసే రంధ్రంలో వేలు దూర్చి, అంచు దగ్గర తడి తగిలితే "అందింది" అనేవాడు. ఇక బిరడా బిగించెయ్యడమే. ముప్పై ఏళ్లుగా ఆ వేలు తప్పలేదు. ఆ వేలే కాదు, మిగతా తొమ్మిదీ కూడా ఊళ్లోవాళ్ల వ్యవహారాల్లో పెడతాడని గిట్టనివాళ్లు అనేవారు. అదీ అబద్ధం కాదు.

ఆయనకు ఒక్కతే కూతురు. గ్రీజు మరకల మధ్యే పెరిగింది. చిన్నప్పుడు ఎవరైనా బండి చూసి "ఎవరు చేశారమ్మా ఈ పని?" అని అడిగితే, తండ్రి నోరు విప్పకముందే "మా నాన్న!" అని అరిచేది. పెళ్లయ్యాక కూడా ఆ గర్వం తగ్గలేదు. మొగుడి దగ్గర మరీ ఎక్కువైంది.

ఇవాళ షెడ్డు మధ్యలో నిలబెట్టింది ఆ మొగుడి జీపునే. అతను పోయి పదకొండు రోజులైంది.

కొండ మీద టవరు దగ్గరికి పనివాళ్లను చేర్చడం అల్లుడి పని. ఆ రోజు చివరి ఎక్కుడులో జీపు వెనక చక్రాలు ఉన్నట్టుండి పట్టేశాయి. బండి గులకరాళ్ల మీద వెనక్కి జారి, డ్రైవరు వైపు బండను గుద్దుకుంది. వెనక కూర్చున్న ఇద్దరు పనివాళ్లు దెబ్బలతో బయటపడ్డారు. అతను బయటపడలేదు.

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. అల్లుడికి ఆపాటి మర్యాద కూడా దక్కలేదు. దూకుడు మనిషనీ, బండిని చావగొట్టేవాడనీ అన్నారు అందరూ. అందరికంటే గట్టిగా అన్నది పెళ్లామే. "చిలక్కి చెప్పినట్టు చెప్పాను నాన్నా, మెల్లగా పోనివ్వమని. విన్నాడా? నన్ను నట్టేట ముంచి పోయాడు" అని ఏడుస్తూ తిట్టేది, తిడుతూ ఏడ్చేది. తప్పు అల్లుడిదే అయితే బాగుండునని మేస్త్రి లోలోపల అనుకున్నాడు. అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు కానీ అనుకోవడం మానలేదు.

ఎందుకంటే మూడు వారాల కిందట ఆ జీపు వెనక చక్రాలను తిప్పే గేర్ల పెట్టె విప్పి బిగించింది ఆయనే.

అప్పుడు రాయి తగిలి పెట్టె వెనక మూత నొక్కుకుపోయింది. బండితో పాటు వచ్చిన రేకు కవరది. కొట్లోంచి రెండు కొత్త కవర్లు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఒకటి పాతదాని లాంటి రేకుది. రెండోది వేలెడు మందాన పోత ఇనుముది, పసిబిడ్డంత బరువుంది. అల్లుడు రేకుదాని మీద చెయ్యి వేశాడు.

"ఇది దీనికోసమే చేసింది కదా మామా. రాయి తగిలితే మళ్లీ మార్చుకుందాం."

"రాయి కొట్టినప్పుడల్లా మారుస్తావా? ఇనుముదే వేద్దాం. నీకేం తెలుసు, ఊరుకో."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో ఎవరు వాదిస్తారు? అల్లుడు ఊరుకున్నాడు. కానీ డబ్బాలో వచ్చిన కాగితం తీసి చదివాడు. "మామా, బండి వెనక వైపు జాకీతో ఎత్తి, రెండున్నర లీటర్లు కొలిచి పొయ్యమంటున్నారు."

"కాగితాలు చదివి మేస్త్రినయ్యానా నేను?" అని ఆయన ఆ కాగితం లాక్కుని, చేతులకంటిన గ్రీజు తుడుచుకుని అవతల పడేశాడు. ఆయిల్ పోశాడు. వేలు పెట్టాడు. అందింది.

వారం తర్వాత అల్లుడు మళ్లీ వచ్చి, ఎక్కుడులో బండి మూలుగుతోందన్నాడు. "మూలిగేది బండి కాదు, నువ్వు" అని మేస్త్రి నవ్వి పంపించేశాడు.

ఆ చుట్టుపక్కల ఆ పెట్టె విప్పగలిగినవాడు మరొకడు లేడు. అందుకే టవరు కంపెనీ తనిఖీ ఆఫీసరు జీపును ఇక్కడికే ఈడ్పించుకొచ్చాడు. చేతిలో అట్ట, అట్ట మీద కాగితం. "చక్రాలు ఎందుకు పట్టేశాయో నా కళ్ల ముందు విప్పి చూపించండి. డ్రైవరు తప్పా, ఇంకేదైనానా, అది రాసుకుని పోతాను" అన్నాడు.

మేస్త్రి జీపు కిందికి దూరాడు. ఇనుప కవరు మీద గీత కూడా పడలేదు. పై బిరడా విప్పాడు గానీ వేలు పెట్టలేకపోయాడు. బిరడానే అటూ ఇటూ తుడుస్తున్నాడు. కూతురు చూసింది.

"జరుగు నాన్నా, నేను చూస్తాను."

పక్కన వెల్లకిలా పడుకుని చిటికెన వేలు దూర్చింది. తీసి చూపించింది. నల్లగా, తడిగా ఉంది.

"అందింది" అంది.

మేస్త్రికి గుండెల మీది బండ దిగినట్టయింది. కింది బిరడా విప్పితే కాలిన వాసన కొట్టింది, ఆయిల్‌తో పాటు ఇనుపరజను పడింది. కవరు పది బోల్టులూ విప్పి, అలవాటుగా బల్ల మీది పళ్లెంలో వేశాడు. కవరు తీసి బల్ల మీదే బోర్లించాడు. లోపల, ముందు వైపు బేరింగు కాలి నీలంగా మారి, ఇరుసుకు అతుక్కుపోయి ఉంది.

"ఆయిల్ సరిగానే ఉంది. అంటే మోయలేని బరువేసి, ఎడాపెడా తొక్కి కాల్చేశాడన్నమాట" అన్నాడు ఆఫీసరు, రాసుకుంటూ.

"నేను చెప్పలేదా సార్!" అంది కూతురు. "ఆ రోజు పొద్దున కూడా, బండి మూలుగుతోంది, టౌను షెడ్డులో చూపిస్తానన్నాడు. మా నాన్న వేలు పెట్టిన బండికి వంకలు పెడతావా, ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటివాడే, అని కసిరాను. తిండి కూడా తినకుండా పోయాడు. నేనన్నదే నిజమైంది చూడండి."

మేస్త్రి ఆ మాటలు వింటూ బోల్టుల పళ్లెం వంక చూస్తున్నాడు. అది పళ్లెం కాదు. నొక్కుకుపోయిన పాత రేకు కవరే. పారెయ్యడం ఎందుకని ఆయనే బోల్టులు వేసుకోవడానికి ఉంచుకున్నాడు. మూడు వారాలుగా రోజుకు పదిసార్లు అందులో చెయ్యి పెడుతున్నాడు. దాని పక్కనే ఇప్పుడు ఇనుప కవరుంది. రెండింటికీ ఆయిల్ పోసే రంధ్రాలున్నాయి. రెండూ ఒక ఎత్తులో లేవు.

ఆఫీసరు తలెత్తలేదు. కూతురు కళ్లు తుడుచుకుంటోంది. పళ్లెం తీసి బల్ల కిందికి తోసేస్తే చాలు. తోసేద్దామనే చెయ్యి చాచాడు కూడా. దేవుడి మీద ఒట్టు, చాచాడు. కానీ ఎదురుగా కూతురు చీర చెంగుతో ముక్కు తుడుచుకుంటూ, పోయినవాణ్ణి తిట్టడానికి మళ్లీ నోరు తెరుస్తోంది.

పళ్లెంలోని బోల్టులు నేల మీద కుమ్మరించాడు. పాత కవరును కొత్తదాని మీద పెట్టాడు. పది బోల్టు కన్నాలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. ఆయిల్ రంధ్రం మాత్రం కొత్తదానిలో రెండు వేళ్లు కిందికుంది.

"తల్లీ, ఇటు చూడు" అన్నాడు. "రంధ్రం కిందికుంది. అంచుదాకా పోసినా ఆయిల్ తక్కువే. బండి ఎక్కుడు ఎక్కితే ఉన్న కాస్తా వెనక్కి పోతుంది. ముందు బేరింగుకి చుక్క దొరకదు. ఎండిపోయి, కాలి, పట్టేస్తుంది." చిటికెన వేలు ఎత్తి చూపించాడు. "నా వేలికి అందింది. బేరింగుకి అందలేదు. కొలిచి పొయ్యమన్నాడమ్మా వాడు. కాగితం చదివి మరీ చెప్పాడు. నేనే వినలేదు."

కూతురు దగ్గరికొచ్చింది. ఒక కవరు రంధ్రంలో వేలు పెట్టింది, తీసి రెండోదాంట్లో పెట్టింది. మళ్లీ మొదటిదాంట్లో పెట్టింది. ఆమె ఏడుపు ఆగిపోయింది. అలా ఆగిపోవడం చూసి మేస్త్రి స్టూలు మీద కూలబడ్డాడు.

ఆఫీసరు రాసింది కొట్టేశాడు. కొత్త గీత మీద కలం పెట్టి, "ఈ కవరు బిగించి ఆయిల్ పోసిందెవరు?" అని అడిగాడు.

మేస్త్రి నోరు తెరిచాడు.

కూతురు ఆయిలంటిన తన చిటికెన వేలి వంకే చూస్తోంది.

"మా నాన్న" అంది.