చొక్కా ఎవరు ఆరేశారు?

ఫోన్ మోగినప్పుడు కొత్త కోడలు పెరట్లో బట్టలు ఆరేస్తోంది. మోచేతికి అంటుకున్న సబ్బు నురగలో ఎండ పడి రంగులు కదులుతుంటే చూసి మురిసిపోతోంది. వరండాలో భర్త ఫోన్ ఎత్తి, చేతులు ఖాళీగా లేక స్పీకరు పెట్టాడు.

"మీ నవల వేస్తున్నామండీ," అన్నాడు ప్రచురణకర్త. "వందేళ్ల కిందటి హత్య, ఊరంతా వద్దన్నా దాన్ని ఛేదించే ఆడపిల్ల. మగవాడి చెయ్యి పడింది కాబట్టే ఇంత పకడ్బందీగా వచ్చింది."

రాసింది ఆమె. అయితే ఆ ఇంట్లో గ్యాసుకైనా కరెంటుకైనా అబ్బాయి నంబరే ఇస్తారు. రాతప్రతి మీద కూడా ఆమె తన పేరును పొడి అక్షరాల్లో రాసి, అలవాటు కొద్దీ కింద భర్త నంబరు వేసింది.

భర్త నోరు తెరిచేలోగా, రైలు గార్డుగా చేసి రిటైరైన మామగారు గేటు దగ్గరికి వెళ్లిపోయారు.

"మావాడు రచయిత అయ్యాడయ్యా. బీమా ఆఫీసులో కునుకు తీస్తున్నాడనుకున్నా ఇన్నాళ్లూ," అని వీధికంతా వినిపించేలా చెప్పేశారు.

వంటింట్లో భర్త గొంతు తగ్గించాడు. "నాన్న అంత సంబరపడుతున్నారు. ఇప్పుడు కాదంటే ఆయనకు తల కొట్టేసినట్టుంటుంది. ఎవరి పేరైతే ఏముంది, మనిద్దరం ఒకటే కదా."

ఆ మాట అతను ఒక్క గొడుగు కింద ఇద్దరూ తడుస్తూ నడిచినప్పుడు అన్నాడు. ఒక్క కప్పులో టీ పంచుకున్నప్పుడూ అన్నాడు. విన్న ప్రతిసారీ ఆమె మనసు ఊయలూగేది. ఈసారి మాత్రం ఆ ఒకటిలో తాను ఎక్కడున్నదీ ఆమెకు కనిపించలేదు.

సాయంత్రానికి వీధివాళ్లతో హాలు నిండిపోయింది. ఆమె టీ పళ్లెంతో మనుషుల మధ్య తిరుగుతోంది. అందరూ కప్పు అందుకుంటున్నారు, ముఖం వైపు చూసేవాళ్లు లేరు. వందేళ్ల కిందటి ఆ పిల్ల ఒక్కతే ఈ ఇంట్లో తనకు తోడనిపించింది.

"హంతకుడు ఎలా దొరికాడోయ్?" అడిగాడు పక్కింటి పోస్టుమాస్టరు.

"తీగ మీద చొక్కా భుజాల దగ్గర కర్ర క్లిప్పులు పెట్టి ఆరేసి ఉంటుందండీ," అన్నాడు భర్త. " రోజూ ఉతికేవాళ్లయితే కింది అంచుకు పెడతారు, భుజాల మీద ముద్ర పడకుండా. అంటే నెత్తుటి మరక కడిగింది ఎన్నడూ బట్టలు ఆరేయని మనిషని ఆ పిల్ల పట్టేస్తుంది."

"భలే. నీకెలా తట్టింది?"

"ఏదో, అలా తట్టిందండీ."

మూల కూర్చున్న అత్తగారు తలెత్తింది. "నీకా? నీ బనీను బకెట్లోంచి తీగ మీదికి దానంతటదే ఎగిరి వెళ్తుందనుకునేవాడివి కదరా."

అందరూ నవ్వారు. భర్తా నవ్వాడు. అత్తగారు కోడలి వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది. తన జీవితమంతా ఆమె అలా సగం చెప్పి ఆగిపోయిన మనిషే.

కోడలు పళ్లెం కింద పెట్టింది. "ఆ చొక్కా ఆరేసింది నేనండీ. నవల నేను రాశాను."

మామగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇప్పుడు వీధిలో ఏం చెప్పనమ్మా?"

"కోడలు రాసిందని చెప్పండి మామయ్యగారూ. గేటు దాకా ఇప్పుడూ అంతే దూరం."

వచ్చినవాళ్లు పనులు గుర్తొచ్చి ఒక్కొక్కరే లేచారు. అభినందించడం ఎవరికీ గుర్తు రాలేదు. కప్పులన్నీ ఆమె ఒక్కతే ఏరుకుంది.

"నేను చెడ్డగా అనలేదు. మనిద్దరం ఒకటే కదా అని..." అన్నాడు భర్త, గుమ్మంలో నిలబడి.

"ఒకటే అయితే, నా పేరు వేసినా మీ పేరు వేసినట్టే కదండీ."



పాఠకులారా, ఆ భర్త చెడ్డవాడు కాడు. భార్యంటే ప్రాణం పెట్టేవాడే. కానీ ఒకరి కష్టం మీద ఇంకొకరి పేరు పడితే, మధ్యలో ఎంత ప్రేమ ఉన్నా అది అన్యాయమే. ఇంట్లో ఏ పనినైనా మెచ్చుకునే ముందు, అది ఎవరు చేశారో అడగడం నేర్చుకుందాం.

ఆమె చేతులు తుడుచుకుని అతని వైపు తిరిగింది.

"రేపు పొద్దున ప్రచురణకర్త దగ్గరికి వెళ్తున్నాను. పేరు నేనే చెప్తాను. మీరు వస్తే సంతోషం. రాకపోయినా వెళ్తాను."