వెనకబడిన నలభై నిమిషాలు

అప్పలసూరి ఉద్యోగం పోగొట్టింది నేనే. మేనేజరూ కాదు, యూనియనూ కాదు. నా పేరు గోపీనాథ్. బెంగాలీల రాష్ట్రంలో ఎర్రజెండా ప్రభుత్వం ఆఖరి రోజుల్లో, వాట్‌గంజ్ రేవు దగ్గర ఒక కంటైనర్ యార్డులో వైర్‌లెస్ నెట్‌వర్క్ చూసుకునేవాణ్ణి.

యార్డులో ప్రతి మనిషి చేతిలో ఒక స్కానర్ ఉంటుంది. డ్యూటీ ఎక్కినా దిగినా అందులో నొక్కాలి. ఆ స్కానర్లన్నీ నా గదిలో ఉన్న స్విచ్ అనే పెట్టెకి కబురు పంపుతాయి, టైం వేసేది అదే. అది పాడైతే పక్కనున్న రెండో స్విచ్ ఆ క్షణమే పని అందుకుంటుంది.

అప్పలసూరి క్రేన్ కింద నిలబడి చేతులతో సైగలు చేసే మనిషి. తండ్రి ఎప్పుడో శ్రీకాకుళం నుంచి డాక్ పనికి వచ్చాడట. తెలుగువాణ్ణని నేనంటే ఇష్టం. రెండో పెట్టె ఎందుకని ఒకసారి అడిగాడు.

"ఒకటి చచ్చినా ఇంకోటి దాని పని చేసేస్తుంది. ఎవరికీ తెలీదు" అన్నాను.

"మా కూలోళ్ళ నాగే అన్నమాట!" అని నవ్వాడు.

ఆ రెండో స్విచ్‌కి నేను గడియారం కలపలేదు. సరైన టైం పంపే సర్వర్ చిరునామా ఒక్క వరస కొడితే సరిపోయేది. దాని అవసరం ఎప్పుడొస్తుందిలే అని బద్ధకించాను. తనిఖీ కాగితంలో మాత్రం రెండూ సరిచూశానని సంతకం గీకేశాను.

జూన్‌లో ఒక సోమవారం పొద్దున్నే మొదటి స్విచ్ పోయింది. రెండోది అందుకుంది. యార్డులో ఒక్కడికీ తెలియలేదు. నాకు గర్వంగా కూడా అనిపించింది.

పదకొండూ నలభైకి క్రేన్ గొలుసు తెగి కంటైనర్ కింద పనిచేస్తున్న కూలీ బైరాగి మీద పడింది. అప్పలసూరి అక్కడే ఉన్నాడు. గొంతు చించుకుని అరిచాడు, తర్వాత అతన్ని బయటికి లాగాడు. అంబులెన్స్ ఎక్కించేసరికి డ్యూటీ దిగే పన్నెండు గంటల హూటర్ మోగింది. ఇరవై ఆరేళ్ళ అలవాటు మరి. నెత్తుటి చేతులు చొక్కాకి తుడుచుకుని, స్కానర్‌లో నొక్కి, దాన్ని గేటులో అప్పగించి, అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాడు. సాయంత్రానికి బైరాగి ప్రాణం పోయింది.

మేనేజరు అప్పలసూరి డ్యూటీ లాగ్ ఒక్కటే అడిగాడు. ప్రింటు తీశాను. అప్పలసూరి దిగిన సమయం పదకొండూ ఇరవై అని ఉంది. గేటు రిజిస్టరు పక్కన పెట్టి చూసుకున్నాను, అందులో అతను స్కానర్ అప్పగించింది పన్నెండు దాటాక. రెండో స్విచ్ గడియారం నలభై నిమిషాలు వెనకుంది. నా సంతకం గుర్తొచ్చింది. ఆ రాత్రే గడియారం సరిచేసి, పొద్దున ఆ ప్రింటే మేనేజరుకి ఇచ్చాను.

సైగ మనిషి లేడు కాబట్టే ప్రమాదం జరిగిందని తేల్చారు. గొలుసు ఊసెత్తని కాగితం దొరికినందుకు మేనేజరు సంతోషించాడు. క్రేన్ డ్రైవర్ తన మెడకి చుట్టుకోకపోతే చాలనుకుని అవునన్నాడు. యూనియన్ లీడర్ దాదా కాగితం చూసి బెంగాలీలో, "మెషిన్ తో మిథ్యే బోలే నా" అన్నాడు. మిషను అబద్ధం చెప్పదట! అప్పలసూరి స్కానర్ ఆ రోజే ఇంకొకడి చేతికిచ్చారు.

మర్నాడు అతను నా గదికి వచ్చాడు.

"బాబూ, నువ్వు మనోడివి. హూటరు కొట్టినాకే నాను నొక్కినాను. ఆ డబ్బాలో గడియారం ఏటి సెప్తందో ఓపాలి సూడు బాబూ."

స్క్రీన్ అతని వైపు తిప్పాను. "నువ్వే చూడు. గోడ గడియారానికీ దీనికీ సెకను తేడా లేదు."

గోడకేసి చూశాడు. స్క్రీన్‌కేసి చూశాడు. నిజంగానే తేడా లేదు.

"మరి నాను హూటరు ఇన్నాను కదా బాబూ..."

"ముందే దిగి వెళ్ళిపోయి, చప్పుడు విని తిరిగొచ్చి ఉంటావు. ఆ భయంలో నీకు గుర్తులేదు" అన్నాను. గొంతు కూడా వణకలేదు నాది. సిగ్గులేని గొంతు.

అతను నేలమీద కూలబడ్డాడు. అక్కణ్ణుంచే అడిగాడు: "అయితే ఆడ్ని నానే సంపేసినానా బాబూ?"

కంప్యూటర్‌లో ఏదో పని ఉన్నట్టు నటించాను.

అతను లేచి తిన్నగా బైరాగి ఇంటికి వెళ్ళాడట. బైరాగి భార్య పున్నమ్మ కాళ్ళ మీద పడి, "నీ మొగుణ్ణి నానే సంపేసినానమ్మా" అన్నాడట. ఆమె చెప్పు తీసుకుని అలిసిపోయేదాకా కొట్టింది. అతను చెయ్యి అడ్డం పెట్టలేదని మర్నాడు యార్డులో చెప్పుకుంటుంటే విన్నాను.