టర్ఫ్ వాసన లేని ఇల్లు

తడిపిన న్యూస్‌పేపరుని బూడిదలో అద్ది, పొయ్యి అద్దానికి పట్టిన మసి తుడుస్తోంది నోరీన్. ఎంత తుడిచినా మూలలు వదలడం లేదు. "అద్దం నల్లగా ఉందంటే ఇల్లాలు ఒళ్ళు వంచడం లేదనేలే," అని అత్తగారు డింఫ్నా ఓసారి చుట్టాల ముందు అంది. ఆనాటి నుంచీ రోజూ పొద్దున్నే మోకాళ్ళ మీద కూర్చుని తోముతూనే ఉంది. ఈమధ్య దగ్గు కూడా పట్టుకుంది. డాక్టరు ఛాతీ విని, ఇంట్లో ఏం కాలుస్తారమ్మా అని అడిగితే, తప్పుచేసి దొరికిపోయినట్టు తలొంచుకుని "టర్ఫ్" అంది. తడి టర్ఫ్ అని చెప్పడానికి నోరు రాలేదు. ఇంటి పరువు కదా.

కట్టెలు, బొగ్గు, టర్ఫ్ ఏది వేసినా మండే పొయ్యి అది. దానికి పట్టింపుల్లేవు, పట్టింపులన్నీ ఆమె మొగుడు ఫింటన్‌వి. తాతలనాటి బాడవ వాళ్ళది. అందులో కోసిన టర్ఫ్‌ని, అంటే కట్టెల్లా మండే బురదమట్టి ఇటుకల్ని, ఎండబెట్టుకుని చలికాలమంతా కాల్చుకోవడం ఆ ఇంటి మగవాళ్ళకి పెద్ద గొప్ప. "మా గడపలోకి కొన్న బొగ్గు ఎన్నడూ రాలేదు," అంటాడు. మిషనువాడొచ్చి కోసి, పరిచి పోతాడు. ఆ తర్వాత ఒక్కొక్క ఇటుకా తిరగేసి, నాలుగైదు ఒకదానికొకటి ఆనించి గాలాడేలా నిలబెట్టేది నోరీన్. నడుం నోరీన్‌ది, టర్ఫ్ మాత్రం ఫింటన్‌ది. ఈ వేసవంతా ఆ ఆఫలీ ప్రాంతంలో వాన తెరిపివ్వలేదు. ఎన్నిసార్లు నిలబెట్టినా ఇటుకలు మెత్తగానే ఉండిపోయాయి. అయినా వాటినే తెచ్చి వాకిట్లో, దారినపోయేవాళ్ళకి కనబడేలా గోడ కట్టినట్టు పేర్పించాడు. నిప్పు లేనిదే పొగ రాదంటారు. వాళ్ళింట్లో నిప్పు లేకుండానే బోలెడు పొగ.

మర్నాడు వాళ్ళింట్లో పూజ. ఏడాదికో ఇంట చర్చి ఫాదర్ వచ్చి పూజ చెయ్యడం ఆ ఊరి ఆనవాయితీ. వంతు వచ్చినవాళ్ళు గోడలకి రంగులేసి, చుట్టుపక్కల వాళ్ళందరికీ టిఫిను పెట్టాలి. వచ్చినవాళ్ళు ప్రార్థన ఎంత చేస్తారో గాని, పరదాల దగ్గర్నుంచి చెంచాల దాకా అన్నీ చూసిపోతారు. ఆ హాల్లో పొగ కమ్ముకుంటే ఎలా అని నోరీన్ భయం. అందుకే తనని ఎవరూ ఎరగని ఊరికి కారేసుకువెళ్ళి పొగరాని బొగ్గు బస్తా కొని, కోళ్ళగూట్లో గోనెపట్టా కప్పి దాచింది. నేనేమన్నా దొంగతనం చేశానా, నా ఇంట్లో నేను గాలి పీల్చుకుందామనేగా అనుకుంది. అనుకున్నా సిగ్గు పోలేదు. బొగ్గు కొన్నందుకా, దాచినందుకా అన్నది ఆమెకే తేలలేదు.

పొద్దున్న ఫింటన్ ఫాదర్‌ని తీసుకురావడానికి వెళ్ళగానే ఆ బొగ్గే రాజేసింది. జనం వచ్చేసరికి హాలు వెచ్చగా, తేటగా ఉంది. పూజంతా అయ్యేదాకా ఒక్కసారి కూడా దగ్గలేదు. చాలా రోజుల తర్వాత గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

టీలు పోస్తుండగా పొరుగింటి మాసీ ముక్కు ఎగబీల్చాడు.

"ఏమయ్యా ఫింటన్, పొయ్యి భగ్గుమంటోంది గానీ టర్ఫ్ వాసన రాదేంటి? వస్తూ చూశా, మీ గొట్టంలోంచి పొగే లేదు!"

ఫింటన్ పొయ్యిలోకి తొంగిచూశాడు. నోరీన్ చేతిలో కెటిల్ కదిలి టీ కాస్త గుడ్డ మీద ఒలికింది.

"ఇదేంటి నోరీన్? కొట్టు బొగ్గా?" అని, మళ్ళీ నలుగురివైపూ తిరిగి నవ్వేశాడు. "మా ఆవిడకి టర్ఫ్ రాజెయ్యడం చేతకాదులెండి. పట్నం పిల్ల!"

అందరూ నవ్వారు. డింఫ్నా మాత్రం నవ్వలేదు. "మా అత్తగారు బతికుంటే ఈ పాటికి గుండె ఆగేది," అంది, అందరికీ వినపడేలా. నోరీన్‌కి తల కొట్టేసినట్టయింది. చెవుల దాకా ఎర్రబడి, ఒలికిన టీనే తుడుస్తూ నిలబడింది.

"ఆగండి, అసలైన మంట చూపిస్తా," అని ఫింటన్ వాకిట్లోంచి బుట్టెడు టర్ఫ్ తెచ్చి పొయ్యినిండా కుక్కాడు. ఇటుకలు బుసలు కొట్టాయి. మంట చచ్చిపోయింది. మరికాస్త వేద్దామని అతను పొయ్యి తలుపు తీసేసరికి పొగ గుప్పున హాల్లోకి తన్నింది. ఫాదర్ నోట్లో కేకు ముక్క పెట్టుకుని ఉక్కిరిబిక్కిరయ్యాడు. ఎవరో కిటికీ తీశారు. దగ్గు తెర కమ్ముకొచ్చి నోరీన్ కుర్చీ పట్టుకుంది.

"తడిసిపోయుందేంటయ్యా నీ టర్ఫ్!" అన్నాడు మాసీ.

"నన్నడుగుతావేం?" అన్నాడు ఫింటన్. "ఎండబెట్టింది ఆవిడ. సరిగ్గా నిలబెట్టావా అసలు, నోరీన్?"

ఇన్నేళ్ళుగా ఆ టర్ఫ్ ఆమెది కానే కాదు. తడిసిన రోజున, నలుగురిలో, ఆమెదైంది. అందరూ ఆమె వైపే చూస్తున్నారు. అలవాటు కొద్దీ తప్పు నాదేనండీ అనడానికి నోరు తెరిచింది. దగ్గు వల్ల ఆ మాట రాలేదు. దగ్గు ఆగాక ఆ మాట అనాలనీ అనిపించలేదు.

"వాన పడింది ఫింటన్. నీకూ తెలుసు," అంది. "వచ్చే వేసవికి నువ్వే నిలబెట్టుకో. నేనింక బాడవకి రాను."

పరాయివాళ్ళ ముందు, అందులోనూ ఫాదర్ ముందు, మొగుణ్ణి అంత మాటన్నందుకు ఆమెకి చచ్చేంత సిగ్గేసింది. అయినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు.