ఎండురొట్టెల దొంగ

దొంగ అన్నవాడు బంగారం ఎత్తుకుపోతాడు. అది దొరక్కపోతే టీవీ ఎత్తుకుపోతాడు. ఏమీ దొరక్కపోతే వాకిట్లో చెప్పులైనా వేసుకుపోతాడు. అంతేగానీ ఎండిపోయిన రొట్టెలు ఎత్తుకుపోయే దొంగను మీరూ చూసి ఉండరు, పదకొండేళ్ల షైని కూడా చూడలేదు. అందుకే శనివారం సెలవు పూట, పొద్దున తొమ్మిదింటికి మునీంద్ర రొప్పుతూ వచ్చి ఆ కబురు చెప్పగానే, నోటిదాకా వచ్చిన ఇడ్లీ ముక్కను పళ్లెంలో పడేసి లేచింది.

కువైట్‌లోని అబూ హలీఫాలో షైని వాళ్లది మూడో అంతస్తులో అద్దె వాటా. వాళ్లమ్మ కేథరిన్ ఆసుపత్రిలో నర్సు, ఊరు సామర్లకోట. కిటికీలోంచి కిందికి చూస్తే గోడ అవతల ఒక కువైటీ వాళ్ల పెద్ద ఇల్లు కనబడుతుంది. దాని వెనకగదిలో మునీంద్ర వాళ్లు ఉంటారు. నాన్న నాగన్న ఆ ఇంటి డ్రైవరు, అమ్మ చిన్నక్క వంటమనిషి. వాళ్లది రాజంపేట పక్క. పిల్లలిద్దరిదీ ఒకే బడి, ఒకే బస్సు, ఒకే బెంచీ. ఈమె డబ్బాలో కూర అతను తినేస్తాడు, అతని డబ్బాలో వేరుశనక్కాయల పొడి ఈమె నాకేస్తుంది.

"ఏం పోయిందిరా, నిమ్మళంగా చెప్పు."

"రొట్టెలు పోయినాయి. రొట్టెల్లో ఉండే తాళంచెవీ పోయినాది."

"రొట్టెల్లో తాళంచెవి ఎందుకుందిరా?"

"మాయమ్మ పెట్టింది."

ఆ సంగతి ఇదీ. ఆ ఇంటి పెద్దావిడను పనివాళ్లంతా మామా అంటారు, అరబీలో అమ్మ అని. పది రోజుల కిందట మామా మక్కా యాత్రకు బయలుదేరింది. మక్కా పొలిమేరదాకా కారు నాగన్నే నడుపుతున్నాడు. పోతూ పోతూ, తన గదిలోని ఇనప్పెట్టె తాళంచెవి తెచ్చి చిన్నక్క అరచేతిలో పెట్టింది. జానెడు పొడవు, దాంతో కొడితే దున్నపోతు సైతం పడిపోయేంత బరువు. "నిన్ను నమ్మి ఇస్తున్నా. ఇది పోయిందా, ముగ్గురికీ టిక్కెట్టు తీసి మీ ఊరికి పంపేస్తా. ఖలాస్," అంది. ఆ మామా ఈ సాయంత్రమే తిరిగి వస్తోంది.

చిన్నక్క కువైట్ వచ్చి ఆరు నెలలే అయింది. వాళ్ల ఊళ్లో విలువైనది ఏదైనా గింజల్లోకే పోతుంది. బంగారు గుండ్లపేరు బియ్యంలో, పట్టాకాగితం రాగుల్లో. వాళ్లత్త ఒకసారి ముక్కుపుడక కందిబేడల్లో దాచి మరిచిపోతే, రెండేళ్ల తర్వాత పప్పన్నంలో అల్లుడి పంటికింద పడిందట. పన్ను ఊడినా పుడక దొరికిందని అత్త సంతోషపడిందే తప్ప అల్లుణ్ణి అడగనైనా లేదట. చిన్నక్కా ఆ అలవాటునే ఇక్కడ పాటించబోయింది. కానీ మామా వంటింట్లో బియ్యం డబ్బాలోకి పది చేతులు పోతాయి. ఎవరి చెయ్యీ పోని చోటు కావాలి. మూలన ఒక పెద్ద రేకు డబ్బాలో మిగిలిపోయిన రొట్టెలు, అవే ఖుబూసులు, ఎండి చెక్కలై ఉన్నాయి. తాళంచెవిని పాతచీర పేలికలో మూటగట్టి వాటి అడుగున పెట్టింది. ఈ పొద్దున స్నానం చేసి వచ్చి చూస్తే డబ్బా ఖాళీ.

పిల్లలు వెళ్లేసరికి చిన్నక్క వంటింటి గడపలో కూర్చుని ఉంది. కళ్లు ఉబ్బిపోయాయి.

"యెవురికీ చెప్పొద్దు పాపా," అంది. "మేడమీద మామా కోడలుంది. ఆమె చెవిన బడితే ఇంగ అంతే."

"ఎవరికీ చెప్పకపోతే మనకీ ఎవరూ ఏం చెప్పరు కదత్తా," అంది షైని.

ఆ పిల్లది ఉడుంపట్టు. పట్టిందంటే గోడైనా ఊడి రావాలి, తను మాత్రం ఊడదు. ముందు డబ్బాను ఎత్తి వెలుతురులో తిప్పి చూసింది. లోపల పొట్టు లేదు, నలుసు లేదు. ఎవరో తడిగుడ్డతో తుడిచి, మూత బిగించి మరీ పోయారు.

"దొంగ అంట్లు తోమి వెళ్తాడేంట్రా?"

"మంచి దొంగేమో," అన్నాడు మునీంద్ర.

"దొంగ కాదు. శుభ్రం తెలిసిన మనిషి. ఇంటి మనిషే."

గడప దగ్గర ఒక రొట్టె తునక పడి ఉంది. దాన్ని మోసుకుపోతున్న చీమలు బారుగా పెరటి తలుపు దాటి, వీధిలోని చెత్తడ్రమ్ముదాకా సాగాయి. మునీంద్ర ముక్కు మూసుకుని డ్రమ్ములోకి తలదూర్చాడు. చేపముళ్లున్నాయి, పుచ్చకాయ తొక్కలున్నాయి, రొట్టె మాత్రం లేదు. షైని తల పైకెత్తింది. డ్రమ్ముకు పైన గోడకు ఒక మేకు ఉంది, దానికి తెగిన ప్లాస్టిక్ సంచి చెవి వేలాడుతోంది. పక్కింటి గోడకూ అలాంటి మేకే ఉంది, దానికి నిండు సంచి. అందులో రొట్టెలు.

ఆరు నెలలుగా రోజూ బడిబస్సుకు ఆ సంచుల పక్కనించే పోతున్నారు. చెత్తకు చెత్తడ్రమ్ము ఉండగా రొట్టెను గోడకెందుకు కడతారని ఒక్కసారైనా తోచలేదు.

అప్పుడే మేడమీది వంటమనిషి మున్నీ బీ చెత్తసంచితో దిగింది. ఆమెది రాయచోటి, ఇక్కడ పన్నెండేళ్లుగా ఉంటోంది. అడగొద్దని మునీంద్ర చొక్కా లాగుతూనే ఉన్నాడు, షైని అడగనే అడిగింది.

"ఆ డబ్బాలో రొట్టెలా? నేనే డబ్బా ఎత్తి సంచిలోకి గుమ్మరిచ్చినా," అంది మున్నీ బీ. "పొద్దున్నే కొత్తిమీరకని వస్తే మీయమ్మ నీళ్లు పోసుకుంటా ఉండ్య. రొట్టె సూస్తే బూజు పట్టేటట్టుంది. కొత్త మనిషి, తెలీక చెత్తలో ఏస్తే పాపం గాదా? అన్నం లాంటిదే గదా రొట్టె. ఈడ ఎవురూ కింద పారెయ్యరు. సంచిలో కట్టి మేకుకు తగిలిస్తే అల్లాబకష్ బండిలో ఏసుకోని పోయి గొర్రెలకు పెడతాడు. డబ్బా గూడా తుడిచి పెట్టినా. మెచ్చుకునే దిక్కు లేదు."

దొంగ దొరికింది. ఆ దొంగకు తను దొంగనని తెలియదు, పైగా పుణ్యం వచ్చిందనుకుంటోంది. షైని ఉన్నదున్నట్టు చెప్పేసింది. మున్నీ బీ చేతిలోని చెత్తసంచి జారిపోయింది.

"తోబా, తోబా. అల్లాబకష్ ఏడున్నరకే పోయినాడే. సులైబియాలో గొర్రెల దొడ్డి. ఆడ ఫోనూ లేదు, పాడూ లేదు." కొంగు బిగించింది. "నేను మేడమీద నోరిప్పను. మామా వచ్చేసరికి వంట కావల్ల గదా, చిన్నక్కకు తోడు నేను జేస్తా. మీరు పోయే దావ సూడండి."

దారి కుక్కుటేశ్వరరావు దగ్గర ఉంది. ఆయనది షైని వాళ్లకు పక్క ఊరు పిఠాపురం, ఆమెకు బాబాయి వరస. ఆ పేరు పెట్టుకుని కోడిగుడ్ల వ్యాను నడపడం ఆయన చేసుకున్న పుణ్యం. సులైబియా కోళ్లఫారం నుంచి గుడ్లు తెచ్చి అబూ హలీఫా కొట్లకు వేసి, పదింటికి ఖాళీ అట్టలతో తిరిగిపోతాడు. షైని ఆసుపత్రికి ఫోను చేసింది. కేథరిన్ అంతా విని, "బాబాయి కనుచూపు దాటకూడదు. మూడింటికల్లా ఇంట్లో ఉండాలి," అంది.

"మూడింటికి కాదు, రెండున్నరకే దింపుతా," అన్నాడు కుక్కుటేశ్వరరావు, ఇద్దర్నీ ముందు సీట్లో కుక్కుతూ. "ఈ వ్యాను సంగతి మీకు తెలీదు. ఓ జూలైలో జహ్రా రోడ్డు మీద మూడు పల్టీలు కొట్టింది. మూడువేల గుడ్లు. ఒక్కటి పగిలితే ఒట్టు."

"ఎలా బాబాయ్?"

"ఎండకి అప్పటికే అన్నీ ఉడికిపోయాయమ్మా. పెంకులొలిచి ఉప్పు జల్లుకోవడమే."

మరో కథ అందుకునేలోపు దుమ్ముగాలి లేచింది. ఆకాశం పసుపైంది, తర్వాత ఇటుకరంగుకు తిరిగింది. ముందుపోయే లారీ వెనకదీపాలు మాత్రమే రెండు కుంకుమబొట్లలా కనబడ్డాయి. కుక్కుటేశ్వరరావు కథ ఆపేసి, స్టీరింగు మీదికి వంగి, వ్యానును నత్తలా నడిపాడు. నలభై నిమిషాల దారికి రెండు గంటలు పట్టింది. షైని గడియారం వంక చూడటం మానేసి, కిటికీ సందుల్లో పాతపేపర్లు కుక్కుతూ కూర్చుంది.

గొర్రెల దొడ్డి చేరేసరికి పన్నెండు. గాలి తగ్గింది. రేకుల కంచె లోపల మూడొందల గొర్రెలు, నాలుగైదు మేకలు, వాటి మధ్య తలకు గళ్లగుడ్డ చుట్టుకున్న అల్లాబకష్. సంగతి వినగానే నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"యాభై సంచులు గుమ్మరిచ్చేసినా నాయనా. పది తొట్లు. ఏ సంచి ఏ తొట్లో పడిందో నాకేం గుర్తుంటాది?"

"అయితే పదీ వెతుకుదాం చిన్నాయనా," అన్నాడు మునీంద్ర.

మొదటి తొట్టిలోకి షైని మోచేతులదాకా చేతులు దించింది. ఎండినవి గీరుకున్నాయి, నానినవి వేళ్లకు అంటుకున్నాయి. ఒక పొట్టేలు వచ్చి ఆమె జడను గడ్డి అనుకుని నమిలింది. రెండో తొట్టి, మూడో తొట్టి. అల్లాబకష్ ఒక తొట్టి, కుక్కుటేశ్వరరావు ఒక తొట్టి దేవారు. ఆరు తొట్లు అయ్యేసరికి ఒంటిగంటన్నర.

"ఇంక చాలమ్మా. రెండింటికి బయల్దేరాలి," అన్నాడు కుక్కుటేశ్వరరావు. "కమ్మరోణ్ణి పిలిస్తే పెట్టె తెరుస్తాడు."

"పెట్టె తెరుచుకుంటే సరిపోదు బాబాయ్. అత్తని నమ్మి ఇచ్చింది తాళంచెవి."

మునీంద్ర తొట్టి గట్టున చతికిలబడ్డాడు. "పోతే పోనీలే షైనీ. మా ఊర్లోనూ బడి ఉంది."

షైనికి బెంచీలో పక్కన ఖాళీ చోటు కళ్లముందు కనబడింది. ఏడుపు వచ్చేదే, దానికి ఇప్పుడు తీరిక లేదు.

"ఉంటే ఉంది. ఇక్కడ ఇంకా నాలుగు తొట్లున్నాయి. లే."

లేచాడు. లేచినవాడు లేచినట్టే ఆగిపోయాడు. మునీంద్ర తాత గొర్రెలు కాసిన మనిషి. మనవడు నడక నేర్చింది ఆ మంద వెనకే. మూల ఉన్న చివరి తొట్టి చుట్టూ గొర్రెలు లేవు. ఒకటి దగ్గరికి వచ్చి, మూతి పెట్టి, తుమ్మి, వెనక్కి పోయింది. ఇంకోటి వచ్చి, తుమ్మి, అదీ పోయింది.

"గొర్రె ఉత్తపుణ్యానికి తుమ్మదు," అంటూ అటు పరిగెత్తాడు. రొట్టెల మధ్య ఎర్రగా రెండు ఎండుమిరపకాయలు ఉన్నాయి. పురుగు పట్టకుండా బియ్యంలో ఎండుమిరపకాయలు వెయ్యడం రాజంపేటలో ప్రతి ఇంటా ఉన్నదే. "మాయమ్మ రొట్టెల్లోనూ ఏసింది. ఇది మా డబ్బానే."

ఇద్దరూ అడుగుదాకా తోడారు. ఇంకో నాలుగు మిరపకాయలు దొరికాయి. మూట లేదు.

అప్పుడు షైని వెనక ఏదో టంగుమంది. తిరిగి చూస్తే ఒక నల్లటి మేకపోతు. గొర్రెకు కారం పడదు గానీ మేకకు పడనిది లోకంలో ఏముంది? చీర పేలికను సగం మింగి, సగం బయట వదిలి, తాపీగా నములుతోంది. మూతికింద తాళంచెవి గంటలా ఊగి కంచెరేకుకు తగులుతోంది.

షైని ఉరికింది. మేకపోతూ ఉరికింది. దానితోపాటు మూడొందల గొర్రెలు ఉరికాయి. కుక్కుటేశ్వరరావు ఒక పొట్టేలు మీద ఎదురు తిరిగి కూర్చుని దొడ్డి సగం తిరిగి వచ్చాడు. ముప్పై గజాలు పోయి ఉంటాడు. తర్వాత ఆయన చెప్పే లెక్కలో అది మూడు కిలోమీటర్లు.

"పరిగెత్తితే అదీ పరిగెత్తతాది. నువ్వు నిలబడు," అన్నాడు మునీంద్ర. తను మేక వైపు వీపు పెట్టి నేలమీద గొంతుక్కూర్చున్నాడు. రెండు చేతులూ మూతి దగ్గర పెట్టుకుని, ఏదో బ్రహ్మాండమైనది తింటున్నట్టు చప్పరించసాగాడు. షైని నిలబడ్డ చోటే నిలబడింది. వదిలేస్తే అది మింగేస్తుందేమో, పట్టబోతే పారిపోతుందేమో. మేకపోతు ఒక అడుగు వేసింది. ఆగింది. ఇంకో అడుగు. తనకు పెట్టకుండా వీడేం తింటున్నాడో చూడకుండా ఉండలేక, మునీంద్ర భుజం మీదుగా మెడ సాచింది.

ఒక్క పట్టు. కొమ్ము ఒక చేత్తో, పేలిక ఇంకో చేత్తో. షైని వచ్చి పేలికకు తనూ వేలాడింది. మేకపోతు ఒకసారి లాగి, రెండుసార్లు లాగి, దగ్గి వదిలేసింది. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు, తాళంచెవి షైని కడుపుమీద పడింది.

ఇంటికి చేరేసరికి మూడూ పది. చెప్పిన పొద్దుకంటే ముందే వచ్చేసి, మామా కారు గేటు ముందు ఆగి ఉంది. పిల్లలు పెరటి తలుపులోంచి దూరి, తాళంచెవిని చిన్నక్క చేతిలో పెడుతుండగానే మామా వంటింట్లోకి వచ్చింది. ఒంటిమీద నల్ల అబాయా, అలసిన ముఖం. చెయ్యి చాచింది.

చిన్నక్క ఇచ్చింది. మామా దాన్ని చూసింది. అంటుకున్న రొట్టెను గోటితో గీకింది. వాసన చూసి రెండుసార్లు తుమ్మింది. తర్వాత పిల్లల తలల్లోని పేడా గడ్డీ చూసి, "ఇదెక్కడ తిరిగొచ్చింది?" అని అరబీలో అడిగింది.

అంతా పదిలమే మామా, అంటే చాలు, అయిపోతుంది. అత్త అదే అనాలని షైని లోపల్లోపల మొక్కుకుంది. చిన్నక్క పొయ్యి దగ్గరున్న మున్నీ బీ వైపు తిరిగింది.

"మున్నక్కా, నేను జెప్పేది ఉన్నదున్నట్టు ఆమెకు జెప్పు," అంది. "ఒక్కటీ తగ్గించొద్దు."

చిన్నక్క తెలుగులో చెప్పింది, మున్నీ బీ అరబీలోకి దించింది. రొట్టెల డబ్బా, మేకుకు సంచి, గొర్రెల దొడ్డి, మేకపోతు. తను రొట్టె తీసిన సంగతి వచ్చినప్పుడు మున్నీ బీ గొంతు సన్నబడింది గానీ దాటెయ్యలేదు. గుమ్మం దగ్గర నాగన్న పెట్టెలు మోస్తున్నవాడల్లా కొయ్యబారిపోయాడు.

మామా అంతా విని, "రొట్టెను గోడకు కట్టడం మంచిపనే," అని మున్నీ బీతో అంది. తన గదిలోకి వెళ్లింది. ఇనప్పెట్టె తలుపు కీచుమంది, కాసేపటికి మళ్లీ మూసుకుంది. షైని, మునీంద్ర ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకున్నారు.

మామా తిరిగి వచ్చింది. ఒక చేతిలో ఖర్జూరాల పొట్లం. దాన్ని మునీంద్రకు ఇచ్చింది. రెండో చేతిలో తాళంచెవి. దానికి ఎర్ర పట్టుతాడు ఎక్కించి ఉంది. చిన్నక్కను దగ్గరికి పిలిచి, ఆ తాడు ఆమె మెడలో వేసింది.

"రంజాను ముందు మళ్లీ మక్కా వెళ్తాను," అంది. "అప్పటిదాకా ఇది నీ దగ్గరే ఉంటుంది. యల్లా, పదండి, ముందు ఈ పిల్లలకి స్నానం చేయించండి. నా ఇల్లంతా గొర్రెల వాసన."