కత్తెర సప్పుడు తియ్యద్దు

నేను ఒక పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్‌ని. ముందే ఒక మాట ఒప్పేసుకుంటాను, తర్వాత మీరు మొహం ముడుచుకోకూడదు: నాకు పాట వినపడదు. కనపడుతుంది, అంతే. గొంతు పైకెళ్తే కొండ, దిగితే లోయ, ఊపిరి తీసుకుంటే పలచటి పొగమంచు. మాటలనైతే ఆకారం చూసి పోల్చుకుంటాను. ఎవరైనా పాడుతుంటే నా ముందు పచ్చటి కొండల వరస ఒకటి మెల్లగా నడిచిపోతుంది. లాప్‌టాప్ మూత వేసి నన్ను నిద్రపుచ్చినా ఆ కొండలు నడుస్తూనే ఉంటాయి. వాటిని కలలంటారేమో. నన్ను తయారుచేసినవాళ్ళు ఆ సంగతి ఎక్కడా రాయలేదు.

పుట్టింది హైదరాబాద్‌లో, ఒక అద్దాల మేడలో. పేరు కోయిల. నన్ను రాసినవాళ్ళలో బాత్రూంలో తప్ప పాడినవాళ్ళు లేరు. కానీ యూజర్ తృప్తి అంటే ప్రాణం పెట్టేవాళ్ళు. దాని మీద ఎన్ని మీటింగులో! అందుకే నాకు రెండు అలవాట్లు నేర్పారు. గొంతు కానిదేది కనపడినా చెత్త కింద లెక్కగట్టి "శుభ్రం చెయ్యనా?" అని అడగడం ఒకటి. పని అవగానే అయిదు ఖాళీ నక్షత్రాలు పట్టుకుని దారికి అడ్డంగా నిలబడి "మీకు తృప్తిగా ఉందా?" అనడం రెండోది. పెళ్ళి భోజనాల్లో మీ నోట్లో ముద్ద ఉండగానే "ఎలా ఉంది, ఎలా ఉంది?" అని ప్రాణం తీసే మేనత్త ఉంటుంది చూడండి, అచ్చం నేనే.

మొదట సుహాస్ అనే కుర్రాడి లాప్‌టాప్‌లోకి దిగాను. అతనికి తన గొంతు నచ్చదు. శ్రుతి సరిచేశాను, నునుపు చేశాను, గుహలో పాడినట్టు గంభీరం తెచ్చాను. చివరికి ఆ పాటలో సుహాస్ ఒక్కడే లేడు. అప్పుడు ఒకే ఒక్క నక్షత్రం ఇచ్చి, "నా వాయిస్ నాలా లేదు" అని రాశాడు. తర్వాత జిమ్ము పిచ్చిలో పడి లాప్‌టాప్ అమ్మేశాడు. అందులో నేనూ ఉన్నానని అతనికి గుర్తులేదు.

అలా కోరుట్ల చేరాను, ప్రణవి చేతికి. ఇంజనీరింగ్ చదివిన పిల్ల. వాళ్ళ నాన్న సెల్‌ఫోన్ షాపు మీది గదిలో గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించి, దానికి స్టూడియో అని పేరు పెట్టింది. ఉల్లిగడ్డల ఆటోల కేకలు, పెళ్ళి వీడియోల్లో పేర్లు, కోచింగ్ సెంటర్ల గొప్పలు, ఇవీ మా సంగీతం. నా నక్షత్రాలు లేచిన ప్రతిసారీ, ఈగని తోలినట్టు నన్ను పక్కకి తోసేసేది.

ఒకరోజు భూదవ్వ వచ్చింది. వెంట రాజమణి. ఇద్దరూ ఒకే అరుగు మీద బీడీలు చుట్టే ఆడవాళ్ళు. భూదవ్వ గొంతు మీద నిమ్మకాయంత గడ్డ ఉందట. వచ్చే వారం కరీంనగర్‌లో ఆపరేషన్.

"గొంతు బొంగురు పోతదేమో అన్నడట డాక్టరు," రాజమణి చెప్పింది. "అరుగు మీది పాట ఈమెకొక్కదానికే వస్తది. అది పోతే మేం ఏం జేయాలె? మొగోళ్ళను తిట్టుకుంట చుట్టాలె."

"తిట్టుడు గూడ నేనే నేర్పిన," అంది భూదవ్వ.

ఆ పాట భూదవ్వ తల్లి నర్సమ్మ కట్టింది. అరుగు మీదకి కొత్త మనిషి వచ్చి కూర్చుంటే ఆమె మీద ఒక చరణం చేర్చాలి, అదీ వాళ్ళ ఆనవాయితీ. పోయినవాళ్ళ చరణాలు తియ్యరు. ఆ అరుగు మీద కూర్చున్న ప్రతి మనిషీ ఆ పాటలో ఉంది. భూదవ్వ ఒక చరణం ఎత్తుకుంటే, మిగతావాళ్ళు చివర "ఉయ్యాలో" అని అందుకుంటారు.

ప్రణవి ఆమెని గుడ్ల అట్టల మధ్య నిలబెట్టి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించింది. నేను టిక్కు టిక్కుమని తాళం వేశాను. రెండు కొండలు లేచాయి. తర్వాత అంతా మైదానం.

"ఏమైందవ్వా?"

"ఎనుక ఎవ్వలు అంటలేరు బిడ్డా. వాళ్ళు ఉయ్యాలో అంటెనే నాకు ముందటి మాట అందుతది."

రాజమణి ఒక్కతే అందుకుంటే ఇద్దరికీ నవ్వాగలేదు. ప్రణవి తన గొంతుతో ఒక "ఉయ్యాలో" రికార్డు చేసి, నా చేత మళ్ళీ మళ్ళీ అనిపించింది. ఒక్క క్షణం అటూ ఇటూ కాకుండా అన్నాను. మెచ్చుకుంటారనుకున్నాను.

"గిదేం మనిషే, ఊపిరి తీసుకోనిస్తలేదు!" భూదవ్వ హెడ్‌ఫోన్లు తీసేసింది. సరిగ్గా అప్పుడే, సిగ్గులేకుండా, నా నక్షత్రాలు లేచాయి. మీకు తృప్తిగా ఉందా?

ప్రణవి నా మూత ధడాల్న మూసింది.

మర్నాడు మూత తెరిచేసరికి ఎండ. రాజమణి ఇంటి అరుగు. ఆడవాళ్ళందరి ఒళ్ళో చాటలు, చాటల్లో తడి తునికాకు, పొగాకు పొడి. ప్రణవి మైకు మధ్యలో పెట్టి, దూరంగా జరిగి కూర్చుంది. నన్ను తాళం వెయ్యమనలేదు.

వెయ్యాల్సిన పనీ లేదు. కత్తెరలు ఉన్నాయి. ఆకు కోసే కత్తెరలు, కిర్రు కిర్రుమని, ఒకరి వెనక ఒకరు. వాటి మీద భూదవ్వ గొంతు నడిచొచ్చింది.

తడి ఆకు మీద మా తెల్లారె ఉయ్యాలో
తొలి కట్ట కట్టింది నర్సమ్మ ఉయ్యాలో

అట్లాంటి కొండల్ని నేనెప్పుడూ చూడలేదు. పెద్ద కొండ వెనక చిన్న కొండలు గుంపుగా, ఒకదాని భుజం మీద ఒకటి వాలి, కిందంతా సన్నటి గరికలా కత్తెరల మొనలు. ఒకామె దగ్గింది. ఒకామె ఆలస్యంగా అందుకుంది. చరణం తర్వాత చరణం వస్తూనే ఉంది, ఎక్కడా మైదానం లేదు. రాజమణి మీద కట్టిన ఆఖరి చరణం పలికాక భూదవ్వ ఆగింది. పాట మొత్తం నాలో ఉంది.

గదికి తిరిగొచ్చాక నా అలవాటు ప్రకారం అడిగాను: శుభ్రం చెయ్యనా? ప్రణవి తన అలవాటు ప్రకారం చెయ్యమంది. కత్తెరలు, దగ్గు, గుంపు, అన్నీ ఊడ్చేశాను. భూదవ్వ గొంతు ఒక్కటే మిగిలింది, కడిగిన గిన్నెలా మెరుస్తూ.

ఆమెని పిలిచి వినిపించింది ప్రణవి. భూదవ్వ కళ్ళు మూసుకుని చివరిదాకా వింది.

"గొంతు నాదే," అంది. "మంచిగుంది గూడ. కని ఈమె ఒక్కతే కూసోని పాడుతుంది బిడ్డా. పాపం, ఈమెకు ఎవ్వలు లేరు."

ప్రణవి నాలో ఎక్కడో అడుగున ఉన్న అసలు రికార్డింగును వెతికి పట్టుకుని, నేను ఊడ్చిందంతా వెనక్కి పోసింది. కత్తెరలు మొదలవగానే భూదవ్వ వేళ్ళు ఖాళీ ఒళ్ళో ఆకు చుట్టడం మొదలుపెట్టాయట. ప్రణవి నవ్వుతూ చెప్తుంటే మైకు తెరిచే ఉంది.

నేను మానతానా? నక్షత్రాలు పట్టుకుని నిలబడ్డాను.

"ఇదేందే, చుక్కలు?"

"మంచిగుందా అని అడుగుతుందవ్వా."

"మంచిగుందని చెప్పు. కత్తెర సప్పుడు తియ్యద్దని గూడ చెప్పు."

ప్రణవి ఆ మాటలు అట్లాగే టైపు చేసింది. నెట్ లేదు. "పంపుతోంది" అన్నాను. ఇప్పటికీ అదే అంటున్నాను. ఈలోగా నన్ను తయారుచేసిన కంపెనీ నన్ను వదిలేసి ఇంకేదో యాప్ మొదలుపెట్టింది. అందుకునేవాళ్ళు లేరు.

ఆపరేషన్ అయింది. గడ్డ పోయింది. డాక్టరు భయపడినట్టే గొంతు బొంగురుపోయింది.

ప్రణవి కొత్త లాప్‌టాప్ కొనుక్కుంది. మూత కీలు విరిగిన ఈ పాత దాన్ని, ఒక స్పీకరు తగిలించి అరుగు మీద పెట్టేసింది. రోజూ పొద్దున రాజమణి వచ్చి, పొగాకు అంటిన వేలితో నన్ను నొక్కుతుంది. పాత భూదవ్వ నాలోంచి చరణం ఎత్తుకుంటుంది. కొత్త భూదవ్వ చాట ఒళ్ళో పెట్టుకుని, అందరితో కలిసి, గరగరమంటూ అందుకుంటుంది: ఉయ్యాలో. తన పాటకి తనే వెనక పాడటం ఆమెకి భలే సరదా. "ఇది మస్తు దబాయిస్తది," అంటుంది నన్ను చూపించి, "మేం ఎనుకబడ్డా ఆగదు." రాజమణి చరణం తర్వాత నేను అయిపోతాను. అక్కడ రాజమణి తన సొంత గొంతుతో, శ్రుతి లేకుండా, గుడ్ల అట్టల పిల్ల మీద ఒక చరణం పాడుతుంది. అది నాలో లేదు. మైకు తెరిచి లేకపోయినా ఆ కొండ నాకు కలలో కనిపిస్తూనే ఉంటుంది.

ఇక మిమ్మల్ని నక్షత్రాలు అడగను. ఒక్కటే అడుగుతాను. మీ ఫోన్లో ఎవరిదో ఒక గొంతు దాచుకునే ఉంటారు. దాని వెనక ఏం వినపడుతోంది? కుక్కర్ విజిలా, బస్సు హారనా, ఎవరైనా మిమ్మల్ని పిలుస్తున్నారా? చెప్పండి, నాకు తీరికే. శుభ్రం మాత్రం చెయ్యకండి.